హ్యాండ్ బ్రేక్ దించకుండా పాత కారు నడిపితే ఆ వేడి ఎక్కడికి పోతుంది?

ఆరేడు కిలోమీటర్లు వెళ్లాక వాసన వచ్చింది. రబ్బరు కాలినట్టు కాదు, క్లచ్ కాలినప్పుడు వచ్చే ఘాటు వాసనకు దగ్గరగా ఉంది. 1950ల నాటి సెడాన్ అది, మా మావయ్యది. ఆ రోజు స్టీరింగ్ నాకిచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. బయల్దేరినప్పటి నుంచి బండి బరువుగా లాగుతోందని నాకు అనిపిస్తూనే ఉంది. ఆ మాటే అంటే, "ఇంజిన్ వేడెక్కనీరా, అదే తేలికవుతుంది" అన్నారు. నిజంగానే కాసేపటికి కాస్త తేలికైంది కూడా. దాంతో ఇద్దరం ఆ సంగతి వదిలేశాం.

వాసన వచ్చాక పక్కకు తీసి ఆపాను. డ్యాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా ఉండే హ్యాండ్ బ్రేక్ సగం బయటికే ఉంది. గబుక్కున తిప్పి లోపలికి నెట్టేశాను. ఇంతేనా అనుకుని, పది నిమిషాలు ఆగి మళ్లీ బయల్దేరాం. మొదటి మలుపులో బ్రేక్ తొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా దాదాపు నేల దాకా దిగిపోయింది. రెండు మూడు సార్లు వెంటవెంటనే తొక్కితే గానీ బండి ఆగలేదు. ఆ రెండు మూడు సెకన్ల టెన్షన్ ఇప్పటికీ నాకు గుర్తే.

నన్ను ఎక్కువగా తొలిచింది భయం కాదు, ఒక ప్రశ్న. హ్యాండ్ బ్రేక్ పట్టేసి ఉన్నంతసేపూ ఫుట్ బ్రేక్ బాగానే పనిచేసింది. తప్పు తెలుసుకుని, దాన్ని వదిలేసి, చల్లారనిచ్చాం అనుకున్న తర్వాతే అది మోసం చేసింది. ఎందుకలా?

హ్యాండ్ బ్రేక్ మరిచిపోతే షూలు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప డ్రమ్ముకు లోపలి నుంచి నొక్కుకుని దాన్ని ఆపే, లైనింగ్ అనే రాపిడి పొర ఉన్న వంపు ముక్కలు, అరిగిపోతాయి అని అందరూ అంటారు. అది నిజమే కానీ, జరిగే నష్టాల్లో అది చాలా చిన్నది. అసలు కథ వేడిది. ఆ వేడి మనం అనుకున్న చోట ఉండదు, అనుకున్న సమయానికీ రాదు. లివర్ దించగానే పని అయిపోయిందనుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు.

ముందు, బండి అసలు ఎలా కదిలిందో చూద్దాం. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే కారు కదలదు కదా, అంత మాత్రం తెలియదా అని అడిగేవాళ్లున్నారు. చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 1000 కిలోల కారు, ప్రతి ఐదు మీటర్లకు ఒక మీటరు ఎత్తెక్కే వాలు మీద జారకుండా నిలవాలంటే టైర్ల దగ్గర దాదాపు 200 కిలోల బలంతో పట్టి ఉంచాలి. సరిగ్గా అడ్జస్ట్ చేసిన హ్యాండ్ బ్రేక్ ఆ పని చేస్తుంది. ఇప్పుడు ఇంజిన్ వైపు చూడండి. 100 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చే ఓ మామూలు ఇంజిన్ అనుకుందాం. ఫస్ట్ గేర్లో, గేర్‌బాక్సూ వెనక యాక్సిలూ కలిసి ఆ టార్క్‌ను సుమారు 15 రెట్లు చేస్తాయి. చక్రం దగ్గరికొచ్చేసరికి అది దాదాపు 500 కిలోల తోపు. అంటే పూర్తిగా వేసిన హ్యాండ్ బ్రేక్‌ను కూడా ఫస్ట్ గేర్ లాక్కుపోగలదు. టాప్ గేర్లో అయితే అదే తోపు 150 కిలోలకు పడిపోతుంది. గట్టిగా పట్టిన బ్రేకు ఉంటే గేర్లు మార్చేకొద్దీ బండి మొరాయిస్తుంది, ఎక్కడో ఒకచోట మనకు తెలిసిపోతుంది.

కేబుల్ సాగి, షూలు అరిగి, సగం మాత్రమే పట్టే హ్యాండ్ బ్రేక్‌తోనే చిక్కంతా. అది 200 కిలోల బదులు 30 కిలోల బలంతోనే పడుతోందనుకోండి. ఏ గేర్లోనూ బండి మొరాయించదు. కాస్త బరువుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. పాత కార్లలో ఇది మరీ మామూలు. పైగా పాత బండి ఎప్పుడూ కొత్త బండిలా పరుగెత్తదు, స్టీరింగ్ బరువు, ఇంజిన్ మోత, నూనె వాసన ఎలాగూ ఉంటాయి. అందుకే దాన్ని నడిపేవాళ్లు ప్రతి తేడానూ వయసు మీదకు తోసేస్తారు. మేమూ అదే చేశాం.

గుర్తుచేసే ఏర్పాట్లు కూడా పాత బండ్లలో తక్కువ. ఇప్పటి కార్లలో లివర్ కొంచెం పైకి ఉన్నా మీటర్ల మధ్య ఎర్ర దీపం వెలుగుతుంది, కొన్నింటిలో బీప్ కూడా వస్తుంది. పాతవాటిలో చాలావాటికి ఆ దీపం లేదు. పిడి డ్యాష్‌బోర్డు కింద చీకట్లో ఉంటుంది, లేదా సీటుకు తలుపుకు మధ్య ఉంటుంది. ఎమ్‌జీ టి వరుస కార్ల వంటి స్పోర్ట్స్ కార్లలో ఫ్లై-ఆఫ్ అనే రకం ఉండేది. అందులో బటన్ పనే తలకిందులు. లివర్ లాగి బటన్ నొక్కితేనే అది లాక్ అవుతుంది, మళ్లీ కాస్త లాగి వదిలితే దానంతట అదే పడిపోతుంది. మామూలు కారుకు అలవాటుపడిన చెయ్యి అక్కడ తప్పకుండా తడబడుతుంది.

మరిచిపోవడం కష్టమయ్యేలా కట్టిన పాత కారు ఒకటుంది, అదే 1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ టి. దాని చేతి లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగితే వెనక చక్రాల బ్రేకులు పడతాయి, దాంతోపాటే బండి న్యూట్రల్‌లోకి వెళ్తుంది. లివర్‌ను ముందుకు నెట్టకపోతే టాప్ గేర్ పడనే పడదు. దీపాలూ బీపులూ లేని రోజుల్లోనే ఆ జాగ్రత్త లివర్‌లోనే కలిపి పెట్టారు. తర్వాతి కార్లలో ఎందుకు వదిలేశారా అనిపిస్తుంది నాకు.

ఇక ఆ 30 కిలోల బలం సంగతి. వినడానికి తక్కువే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ బలానికి ఎదురు లాగడం అంటే 4 కిలోవాట్లకు పైగా శక్తి వేడిగా మారడం. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నాలుగింటిని ఆన్ చేసి, డ్రమ్ముకు రెండు చొప్పున వెనక చక్రాల్లో పెట్టి నడుపుతున్నట్టు. ఒక్కో డ్రమ్ము ఆరు కిలోల పోత ఇనుము అనుకుంటే, గాలి చల్లార్చకపోతే నిమిషానికి సుమారు 45 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. గాలి కొంత వేడిని తీసుకుపోతుంది, నిజమే. కానీ డ్రమ్ము చక్రం లోపల దాక్కుని ఉంటుంది, పైన హబ్ క్యాప్ మూత. ఐదు నిమిషాల్లో, అంటే నాలుగు కిలోమీటర్లలో, 200 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లడం వింతేమీ కాదు.

పైగా కేబుల్ లాగినంత బలమే షూ మీద పడుతుందనుకోకూడదు. డ్రమ్ బ్రేకులో ముందు షూను తిరిగే డ్రమ్మే తనవైపు ఈడ్చుకుంటుంది. తలుపు కింద ఇరుక్కున్న గుడ్డను తలుపు ఇంకా లోపలికి లాక్కున్నట్టు. తక్కువ శ్రమతో బండి ఆగాలని చేసిన ఈ ఏర్పాటు, మరిచిపోయిన హ్యాండ్ బ్రేక్ దగ్గర మనకే ఎదురు తిరుగుతుంది.

మరి మధ్యలో బండి ఎందుకు తేలికైంది? ఇది తెలిశాక నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. 25 సెంటీమీటర్ల డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. లోపలి షూకూ డ్రమ్ముకూ మధ్య ఉండే సందే ఆ మాత్రం ఉంటుంది. అంటే డ్రమ్ము పెద్దదై షూ నుంచి దూరం జరుగుతుంది. కాలిన లైనింగ్‌కు పట్టు కూడా తగ్గుతుంది. రెండూ కలిసి బండిని వదులు చేస్తాయి. మేం ఇంజిన్ వేడెక్కి బండి సర్దుకుందనుకున్నాం. అది సర్దుకోవడం కాదు, వెనక చక్రాలు కాలిపోతున్నాయని మాకు అందిన మొదటి కబురు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పెడల్ తర్వాత ఎందుకు దిగిపోయింది?

డ్రమ్ములో పుట్టిన వేడి అక్కడే ఆగదు. షూల గుండా, వాటిని బిగించిన బ్యాక్ ప్లేటు గుండా, ఫుట్ బ్రేక్ తొక్కినప్పుడు ఆ షూలను నెట్టే వీల్ సిలిండర్‌కు, అందులోని బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. లైనింగ్ వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు కాబట్టి ఈ ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. బండి కదులుతున్నంతసేపూ గాలి తగిలి సిలిండర్ కాస్త చల్లగా ఉంటుంది. బండి ఆగగానే గాలి ఆగిపోతుంది, కానీ ఇనుములో దాచుకున్న వేడి ఎక్కడికీ పోదు. దానికి మిగిలిన దారి లోపలికే. ఆగిన తర్వాతి పది, పదిహేను నిమిషాల్లోనే సిలిండర్ లోపలి ఆయిల్ అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. పొయ్యి మీంచి దించిన మందపాటి ఇనప పెనం మీద మరో చిన్న గిన్నె పెడితే, పొయ్యి ఆర్పేశాక కూడా ఆ గిన్నె వేడెక్కుతూనే ఉంటుంది. ఇదీ అంతే.

బ్రేక్ ఆయిళ్లకు డాట్ అనే అమెరికా ప్రమాణం ఉంది. అందులో డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌ను తడి ఆయిల్ కింద లెక్కగట్టి పెట్టిన కనీస హద్దులు డాట్ 3కి 140, డాట్ 4కి 155 డిగ్రీలు మాత్రమే. పాత కార్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి, ఆయిల్ మార్చడం ఎవరికీ గుర్తుండదు. అలాంటి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, బుడగ నలుగుతుంది. మన కాలి బలమంతా బుడగను నలపడానికే సరిపోతుంది, చక్రానికి ఏమీ చేరదు. తేమ పీల్చుకోని డాట్ 5 సిలికాన్ ఆయిల్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అందులోనూ నీరు ఎలాగో చేరితే కలవదు, కింద వీల్ సిలిండర్‌లోనే చేరి 100 డిగ్రీలకే మరుగుతుంది. పూర్తి రక్షణ ఎక్కడా లేదు.

ఆవిరి వచ్చింది వెనక చక్రంలో కదా, ముందు బ్రేకులు ఆపవా? కొత్త కార్లలో అయితే చాలావరకు ఆపుతాయి, ఎందుకంటే బ్రేకులకు రెండు వేర్వేరు లైన్లు ఉంటాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లలో ఎక్కువగా పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకటే, నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఎక్కడ బుడగ వచ్చినా నాలుగూ పోతాయి. ఒక చక్రంలో కాలిన హ్యాండ్ బ్రేక్, నాలుగు చక్రాల ఫుట్ బ్రేక్‌ను ఎలా పాడుచేస్తుందో ఇక్కడే ఉంది. ఈ ముక్క తెలియకుండా పాత కారు నడపకూడదని నా గట్టి నమ్మకం.

ఇంకా వెనక్కి, ఆయిల్ బ్రేకులు రాకముందు కార్లకు వెళ్తే ఆ గొడవ లేదు. అమెరికా కంపెనీ డ్యూసెన్‌బర్గ్ 1921లో హైడ్రాలిక్, అంటే ఆయిల్ బ్రేకుల కారు తెచ్చే దాకా అందరివీ కడ్డీలూ కేబుళ్లే, ఆ తర్వాతా చాలా ఏళ్లు చాలామంది వాటితోనే నడిపారు. అక్కడ మరగడానికి ఏమీ లేదు, లైనింగ్ పట్టు తప్పడమే ముప్పు.

గ్రీజు సంగతి కూడా చెప్పాలి. పాతకాలపు కాల్షియం గ్రీజు 100 డిగ్రీల దగ్గరే కరిగిపోయేది. తర్వాత వచ్చిన లిథియం గ్రీజు 180 దాటేదాకా ఆగుతుంది. చక్రం బేరింగ్‌లో గ్రీజు కరిగి, ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీల్ కాలి గట్టిపడితే, గ్రీజో యాక్సిల్ ఆయిలో మెల్లగా షూల మీదకు వస్తుంది. అప్పుడు రెండు ప్రమాదాలు: ఆ చక్రం బ్రేక్ పట్టదు, లేదా ఎర్రగా కాలిన డ్రమ్ము మీద ఆ ఆయిల్ అంటుకుంటుంది. చక్రం దగ్గర మంట అంటే టైరు దగ్గర మంటే.

హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాల మీదే ఉంటుందని అనుకోవడానికీ లేదు. సిట్రోయెన్ 2సివిలో, సాబ్ 99లో అది ముందు చక్రాలను పడుతుంది. పాత ల్యాండ్ రోవర్లలో అసలు చక్రాల దగ్గరే ఉండదు, గేర్‌బాక్స్ వెనక, యాక్సిల్‌ను తిప్పే పొడవాటి కడ్డీ అయిన ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒకే డ్రమ్ము. రెండు డ్రమ్ములు పంచుకోవాల్సిన వేడంతా అక్కడ ఒక్కదానిలోనే, అదీ గేర్‌బాక్స్ ఆయిల్ సీల్‌ను ఆనుకుని పుడుతుంది. మన కాళ్ల కిందే. ఈ రకం బండిలో మరిచిపోయి నడిపితే నష్టం త్వరగా జరుగుతుంది. ఇంకో మాట, ఇలాంటి బండిని ఒకవైపు వెనక చక్రం జాకీ మీద లేపితే, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం స్వేచ్ఛగా తిరిగి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా బండి జారిపోగలదు. కాబట్టి జాకీ పెట్టే ముందు మిగతా చక్రాలకు రాళ్లో చెక్కలో అడ్డం పెట్టాల్సిందే.

సరే, దారిలో గుర్తొచ్చింది. ఏం చేయాలి?

లివర్ దించి, రోడ్డు ఖాళీగా ఉంటే బ్రేక్ ముట్టకుండా, గేర్లతోనే వేగం అదుపులో పెట్టుకుంటూ నెమ్మదిగా కొంతదూరం పోనివ్వడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. గాలి తగులుతూ డ్రమ్ములు సమంగా చల్లారతాయి, సిలిండర్‌కు వేడి ఎక్కే అవకాశం తగ్గుతుంది. నేను దీన్ని ఒప్పుకుంటాను, కానీ ఒక షరతు మీద. బ్రేకు నిజంగా వదిలిందని తేలాలి. చదునైన చోట న్యూట్రల్‌లో పెడితే బండి హాయిగా దొర్లాలి, ఎవరో వెనక్కి లాగినట్టు వేగం పడిపోకూడదు. అలా పడిపోతే లివర్ దిగింది కానీ బ్రేకు దిగలేదని అర్థం. అప్పుడు ముందుకు పోవడం అంటే మంట కింద కట్టెలు ఎగదోయడమే. పొగ కనిపించినా, పెడల్ మెత్తబడినా కూడా ఇక నడపకూడదు.

ఆపాక హ్యాండ్ బ్రేక్ మళ్లీ వేయకూడదు. అలవాటుగా చెయ్యి దాని మీదకే పోతుంది, ఆపుకోవాలి. ఉబ్బిన డ్రమ్ము మీద షూలు బిగిస్తే, చల్లారి కుంచించుకునేటప్పుడు డ్రమ్ము షూలను పట్టేసుకుంటుంది, దాని గుండ్రదనం కూడా పోవచ్చు. ఇంజిన్ ఆపి గేర్లో ఉంచి చక్రాలకు అడ్డం పెడితే చాలు. నీళ్లు అసలు పోయకూడదు, కాలిన పోత ఇనుము చల్లటి నీటికి పగులుతుంది. చక్రానికి ఎదురుగా నిలబడకుండా పక్కకు ఉండాలి. కనీసం గంట ఆగాలి. పది నిమిషాలు అన్నిటికన్నా చెడ్డ సమయం, మేం ఎంచుకున్నది సరిగ్గా అదే. గంట తర్వాత పెడల్ మళ్లీ గట్టిపడినా నిశ్చింత లేదు. ఒకసారి మరిగిన ఆయిల్ మళ్లీ మరుగుతుంది, నాలుగు చక్రాలకూ ఆయిల్ మొత్తం మార్చి, బ్రేక్ లైన్లలోని గాలి తీయించాలి.

మా బండిని ఆ రోజు లాక్కెళ్లి, మర్నాడు డ్రమ్ములు విప్పించాం. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, దుమ్మును గాలితో ఊదకుండా తడిపి తుడిచారు మెకానిక్. కుడి డ్రమ్ము లోపల అంతా మామూలే. ఎడమ డ్రమ్ము లోపల రుద్దుకునే చోట నీలి రంగు మచ్చలు. ఉక్కు 300 డిగ్రీల దగ్గర వేడెక్కితే పట్టే రంగు అది, ఇనుముకు కూడా అలాంటి రంగే పడుతుంది. లైనింగ్ అద్దంలా నున్నగా మెరుస్తోంది, గోరు పెడితే జారిపోతోంది. సీల్ అంచున తడి.

రెండు వైపులా ఇంత తేడా ఏమిటని ఆయన కేబుల్ చూశారు. పిడి లోపలికి నెట్టితే కుడివైపు కేబుల్ వెంటనే వదులైంది. ఎడమవైపుది తొడుగు లోపల తుప్పు పట్టి అలాగే బిగుసుకుని ఉంది. వేలితో షూ లివర్‌ను నొక్కి వెనక్కి తోస్తే గానీ కదల్లేదు. అంటే నేను పిడి నెట్టేసిన తర్వాత కూడా ఎడమ చక్రం బ్రేకు పట్టే ఉంది. ఆగిన పది నిమిషాలూ సిలిండర్ వేడెక్కింది, బయల్దేరాక మళ్లీ రాపిడి తోడైంది.

అప్పటి నుంచి మావయ్య బండిని షెడ్డులో వారాల తరబడి ఉంచేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయరు. గేర్లో పెట్టి చెక్కలు అడ్డం పెడతారు. తేమకు షూలు డ్రమ్ముకు అతుక్కోవు, కేబుల్ లాగిన స్థితిలో తుప్పు పట్టదు. షూలు అరిగినప్పుడు కేబుల్ బిగించి సరిపెట్టడం మానేశారు, ముందు షూలు అడ్జస్ట్ చేసి ఆ తర్వాతే కేబుల్ ముట్టుకుంటున్నారు. బయల్దేరే ముందు చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరం ఒకసారి తోసి చూస్తాం. 1000 కిలోల బండి దొర్లడానికి 15 కిలోల బలం చాలు, ఒక్కరు తోసినా కదలాలి. దిగాక నాలుగు హబ్ క్యాప్‌ల దగ్గరికీ అరచేతి వెనక భాగాన్ని, తగలకుండా, ఒక్కో దగ్గర రెండు సెకన్లు పెడతాను. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా ఉన్నాయా అని మాత్రమే చూస్తాను.